వేలికి అంటిన తీపి

మొదట నాకు పేపరు అచ్చువేసేవాళ్ళ మీద కోపం వచ్చింది. సిరా పొదుపు చేస్తున్నారనుకున్నాను. ఒకరోజు పొద్దున పేపరును కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూశాను. దూరంగా పెట్టుకొని చూశాను. చివరికి వాకిట్లోకి వెళ్ళి ఎండలో పట్టుకున్నాను. అక్షరాలు తడిగోడ మీద బొగ్గుతో రాసినట్టు చెదిరిపోయి ఉన్నాయి. ఇట్లా అచ్చువేస్తే చదివేవాళ్ళు ఏం కావాలి అని మా ఇంటాయనతో అన్నాను.

ఆయన పేపరు అందుకొని, రెండు వార్తలు గడగడా చదివి నాకు తిరిగి ఇచ్చాడు.

"అచ్చు మంచిగనే ఉన్నది. నీ కండ్లకే మబ్బు వట్టింది," అన్నాడు. "ఇన్నేండ్లు బాయిల చీకట్ల పనిచేసిన నాకు కనవడుతున్నది. ఎండల నిలవడి నాట్లేసిన నీకు కనవడుతలేదు. ఇదేం నాయమో!"

బాయి అంటే మా నస్పూర్‌లో బొగ్గుగని. ఆయన అందులోనే పనిచేసి రిటైరయ్యాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టాను. వంట చేయడానికి, ఊడ్వడానికి, మనుషుల్ని గుర్తుపట్టడానికి నాకున్న చూపు చాలు. చదవడానికి చాలదు. అక్షరాలు నాకు వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు.

నేను పుట్టింది చొప్పదండి దగ్గర. పిల్లలు పలకలు పట్టుకొని బడికి పోయే వయసులో నేను మేకల వెంట పోయాను. తర్వాత పెండ్లయి నస్పూర్ వచ్చాను. యాభై దాటాక మా మహిళా సంఘం వాళ్ళు సాయంత్రం పూట చదువు చెప్పించారు. మొదట్లో సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అక్షరాలు పలికేదాన్ని. ఒకరోజు మంచిర్యాలలో బస్సు కోసం నిలబడ్డాను. అంతకుముందు ప్రతి బస్సుకూ ఎదురెళ్ళి "ఏడికి పోతది బిడ్డా?" అని అడిగేదాన్ని. ఆ రోజు దూరం నుంచి వస్తున్న బస్సు నుదుటి మీద 'క' కనిపించింది. పక్కన 'రీ'. దాని పక్కన సున్న. బస్సు దగ్గరికి వచ్చేలోపు 'కరీంనగర్' అంతా నా నోట్లోకి వచ్చేసింది. ఎవరినీ అడగలేదు. బస్సే తన ఊరి పేరు నాకు చెప్పింది. నాకు ఆ బస్సు ఎక్కే పని లేదు. అయినా అది మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత గోడలు, సబ్బు కాగితాలు, మందుల డబ్బాలు, పెండ్లి పత్రికలు, దేన్నీ వదలలేదు. లోకమంతా ఇంతకాలం మాట్లాడుతూనే ఉన్నదనీ, నాకు ఒక్కదానికే వినబడలేదనీ అనిపించేది. ఇప్పుడు ఆ మాటలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

కరీంనగర్‌లో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాము. రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయనీ, కుడికంట్లోది బాగా ముదిరిందనీ చెప్పాడు. ఆపరేషన్ చిన్నదే, పావుగంట పని అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అంతలో రక్తపరీక్ష కాగితం ఆయన చేతికి వచ్చింది. దాన్ని చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"అమ్మా, మీకు షుగర్ మూడు వందలు దాటింది. ఈ షుగర్‌తో కంట్లో కత్తి పెడితే పుండు మానదు, చీము పట్టొచ్చు. ఉన్న చూపు కూడా పోతుంది. మందులు వాడండి, తిండి మార్చండి. వేసవిలో రండి. ఆపరేషన్ రోజు పొద్దున రెండు వందల లోపు ఉంటేనే చేస్తాను."

పక్క గదిలో తిండి సంగతి చెప్పే మేడమ్ ఉంది. ఒంట్లోకి చక్కెరను గబుక్కున వదిలే తిండి తగ్గించి, నెమ్మదిగా వదిలే తిండి తినమని చెప్పింది. అన్నం తగ్గించాలి. జొన్నరొట్టె, కొర్రలు, పప్పులు, ఆకుకూరలు ఎక్కువ తినాలి. అన్నిటికీ తలూపాను. చిన్నప్పుడు మేం తిన్నది అదే కదా అనుకున్నాను. చివరికి ఆమె, "చాయ్‌లో చక్కెర పూర్తిగా మానేయాలి," అంది. అక్కడ మాత్రం నా తల ఊగలేదు.

నాకు నగల మీద ఆశ లేదు, చీరల మీద లేదు. పొద్దున లేవగానే ఒకటి, గిన్నెలు తోమాక ఒకటి, సాయంత్రం ఒకటి, గ్లాసు నిండా తియ్యటి చాయ్ ఉంటే చాలు. చక్కెర లేని చాయ్ మొదటి రోజు తాగితే ఎవరి మీదో అలిగి తాగినట్టు ఉంది. మా ఇంటాయన తన గ్లాసులో చక్కెర వేసుకొని చెంచాతో టింగు టింగున తిప్పేవాడు. ఆ చప్పుడు నా కోసమే చేస్తున్నాడని నాకు తెలుసు.

ఈ సంగతి ఫోన్లో మా వియ్యపురాలికి తెలిసింది. మా బిడ్డను ఇచ్చింది ఆదిలాబాద్ అవతల, పెన్‌గంగ నది దగ్గరి ఊళ్ళో. పత్తి పండించే ఇల్లు. అల్లుడు మస్కట్‌లో పనిచేస్తాడు, మా బిడ్డ కూడా అక్కడే ఉంటుంది. వియ్యపురాలి మాటల్లో సగం మరాఠీ ఉంటుంది. నన్ను ఆటపట్టించకుండా ఆమెకు పొద్దుపోదు.

"వదినె, చక్కెర ఏడ పుడ్తది? ఫ్యాక్టరీల పుడ్తది," అంది ఫోన్లో. "ఫ్యాక్టరీ దానితోని షుగర్ వస్తది. అడివిల పుట్టినదానితోని ఏమైతది? ఇప్పపువ్వు రాలే యాళ్ళయింది. జర వచ్చిపో. చక్కెర తాత లాంటిది నీకు చేసిస్త."

"దానితోని సార కాస్తరు గదా వదినె?"

"కాసెటోళ్ళు కాస్తరు. నీకు పాకం పడ్త. తాగి ఊగుతవని భయమా?"

హోలీకి ముందు వెళ్ళాను. తెల్లవారుతుండగా నన్ను లేపి, గంప నెత్తిన పెట్టి, వాళ్ళ చేను గట్టు మీదికి తీసుకుపోయింది. పెద్ద ఇప్పచెట్టు. ఆకులన్నీ రాలిపోయి కొమ్మలే ఉన్నాయట. నాకు ఆకాశంలో ఒక నల్లటి మసక మాత్రమే కనిపించింది. పక్క గూడెం గోండువాళ్ళు చెట్టుకు మొక్కనిదే మొదటి పువ్వు ముట్టుకోరని, తామూ అంతేనని చెప్పి వియ్యపురాలు చెట్టు మొదట్లో పసుపు కుంకుమ పెట్టింది. నేనూ దండం పెట్టాను.

అప్పుడు వినిపించింది. టప్. కాసేపాగి, ఇంకొక దిక్కున టప్. తర్వాత టప్, టప్, టప్. గాలి లేదు. ఎవరూ కొమ్మ ఊపలేదు. చెట్టు తనంతట తానే పువ్వులను విడిచిపెడుతోంది. నేను తలెత్తి ఎంత చూసినా ఒక్క పువ్వు రాలడం కనిపించలేదు. నా భుజం మీద ఒకటి పడింది. నెత్తి మీద ఒకటి పడింది. మసక మసకగా నేలంతా తెల్లగా ఉన్నట్టు మాత్రం తెలిసింది. చేతులతో తడిమితే లావుగా, మెత్తగా, చల్లగా తగిలాయి. నీళ్ళు నింపిన ముత్యాల్లా ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. కొరకగానే రసం చిమ్మింది. తేనెకూ బెల్లానికీ నడుమ ఏదో తీపి. ఘాటు వాసన ముక్కుకెక్కింది. ఇంత తీపిని ఈ చెట్టు బండరాళ్ళ నేలలోంచి, ఒక్క చుక్క వాన లేని కాలంలో ఎక్కడినుంచి తెచ్చిందో అనుకుంటూ ఇంకొకటి నోట్లో వేసుకున్నాను.

"ఎట్లున్నది వదినె?"

"గిదంతా చెట్టు ఒక్కతే చేసిందా?"

"మరి? నువ్వొచ్చినవని చక్కెర చల్లిన్నా? గోడ్ ఉన్నదా లేదా చెప్పు."

గోడ్ అంటే మరాఠీలో తీపి. ఆమె ఏ తీపిని నోట్లో పెట్టుకున్నా ముందు ఆ మాటే అంటుంది.

ఇంటికి తెచ్చి పువ్వుల్లోని కేసరాలు తీసేసి, బాగా కడిగి, నీళ్ళు పోసి ఉడికించింది. గుడ్డలో వేసి పిండింది. ఆ రసాన్ని మళ్ళీ కట్టెల పొయ్యి మీద పెట్టి, తిప్పుతూ తిప్పుతూ కూర్చుంది. చక్కెర వేయలేదు, బెల్లం వేయలేదు. మధ్యాహ్నానికి గిన్నెలో సగం కూడా మిగల్లేదు. గరిటె ఎత్తితే తీగలా సాగింది. పువ్వులు వేసి నీళ్ళు పోసిన గిన్నెలోంచి తేనెలాంటిది రావడం నేను కూర్చొని చూశాను. చూసినా నమ్మబుద్ధి కాలేదు. ఒక సీసా నిండా పోసి, మూత మీద గుడ్డ కట్టి నా చేతిలో పెట్టింది.

"తాగు వదినె. మోతిబిందు లేదు, షుగర్ లేదు. అన్ని పరార్," అంది. మోతిబిందు అంటే ఆమె మాటల్లో కంటి శుక్లం.

ఇంటికి వచ్చాక నా చాయ్ బతికి వచ్చింది. గ్లాసుకు రెండు చెంచాలు వేసుకునేదాన్ని. చాయ్ ఎర్రబడి, అడవి వాసన వేసేది. అల్లుడు మస్కట్ నుంచి ఖర్జూరం పాకం సీసా ఒకటి పంపాడు. అదీ చక్కెర కాదు, పండే కదా అనుకున్నాను. ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన తేనె ఇంట్లో ఉండనే ఉంది. మూడు సీసాలు వంటింటి కిటికీలో వరుసగా పెట్టాను. పొద్దున ఎండ వాటి వెనక నుంచి పడితే మూడు దీపాలు పెట్టినట్టు ఉండేది. నా కళ్ళకు ఆ మాత్రం తెలిసేది. దేవుడు భూమ్మీద ఇన్ని చోట్ల తీపి దాచిపెట్టాడా అని వాటి ముందు నిలబడి ఆలోచించేదాన్ని.

"ఇంట్ల దుకాణం తెరిచినవ్ లే," అన్నాడు మా ఇంటాయన. "ఇప్పసీసా చూసి ఎవడన్న గ్లాసు పట్టుకొని వస్తడు. నాకు చెప్పు, నేనే పోస్త."

అల్లుడు పాకంతో పాటు వేలు పొడుచుకొని షుగర్ చూసుకునే మిషన్ కూడా పంపాడు. అంకెలు పెద్దవిగా ఉంటాయి, నాకు కనబడతాయి. రోజూ గిన్నెలు తోమడం అయ్యాక, చేతులు తుడుచుకొని, పొడుచుకొని చూసేదాన్ని. రెండు వందల డెబ్భై. రెండు వందల తొంభై. మందు వేసుకుంటున్నాను. అన్నం తగ్గించాను. చక్కెర గింజ ముట్టలేదు. అంకె దిగడం లేదు. వేసవి ముంచుకొస్తోంది.

వియ్యపురాలికి ఫోన్ చేశాను.

"మిషన్ ఏడిది?" అని అడిగింది.

"మస్కట్‌ది."

"అదీ సంగతి. మస్కట్ మిషన్‌కు మన ఇప్పపువ్వు ఏమెరుక వదినె? చక్కెర అనుకుంటున్నది."

నవ్వాను గానీ నవ్వు నిలవలేదు. పేపరు ముందు పెట్టుకుంటే ఇప్పుడు పెద్ద అక్షరాలు కూడా చెదిరిపోతున్నాయి. ఈ వేసవిలో ఆపరేషన్ కాకపోతే వచ్చే వేసవికి నాకు అక్షరాలు మిగులుతాయా? ఆ సాయంత్రం చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఎవరి మాటా కాకుండా నేనే చూసుకుందామనుకున్నాను.

మరుసటి పొద్దున పరగడుపున షుగర్ చూసుకొని, వేడినీళ్ళలో ఒక్క చెంచా ఇప్పపాకం కలుపుకొని తాగాను. ఇంకేమీ తినలేదు. కొంతసేపటికి మళ్ళీ పొడుచుకుంటే అంకె గట్టు దూకినట్టు పైకి పోయింది. తేనెతో చూశాను. అదే. ఖర్జూరం పాకమూ వాటికేం తీసిపోలేదు. చక్కెర మీద కోపంతో చక్కెర చుట్టాలందరినీ ఇంట్లో పెట్టుకొని మేపుతున్నానని అప్పుడు తెలిసింది.

ఇంకొక రోజు మధ్యాహ్నం ముందు తోటకూర పప్పు తిన్నాను. తర్వాత జొన్నరొట్టె. ఆ రొట్టె చివరి ముక్క మీద అదే చెంచాలో సగం ఇప్పపాకం పోసుకొని తిన్నాను. అంతసేపే ఆగి పొడుచుకున్నాను. అంకె కొంచెం పెరిగింది. కొంచెమే. నమ్మలేక ఇంకొక రోజు చూశాను. అప్పుడూ అంతే.

సీసా అదే, నోరు అదే, నేనూ అదే మనిషిని. ఖాళీ కడుపులో పోస్తే వరదలా పరిగెత్తిన తీపి, పప్పూ రొట్టే ఉన్న కడుపులో మెల్లగా నడుస్తోంది. నాట్లు వేసిన మడిలోకి నీళ్ళు వదిలేటప్పుడు మట్టీ గడ్డీ వేసి మడవ కడతాం. అట్లా కట్టకపోతే నారు కొట్టుకుపోతుంది. నా కడుపులో కూడా ఒక మడవ ఉందని, దాన్ని నా చేతులతో నేనే కట్టొచ్చని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. మందుల కోసం కరీంనగర్ వెళ్ళినప్పుడు ఆ మేడమ్‌కు చెప్పాను. ఆమె నవ్వి, "నేను చెప్పింది అదేనమ్మా. చెట్టుదైనా, తేనెటీగదైనా, ఫ్యాక్టరీదైనా ఒంట్లోకి పోయాక చక్కెరే. ఎంత తిన్నారు, దేనితో తిన్నారు, అదీ లెక్క. ఆ అర చెంచా దాటకండి," అంది. చెప్పే ఉంటుంది. నా చెవులు ఆ రోజు చాయ్ దగ్గర ఆగిపోయాయి.

తేనె, ఖర్జూరం పాకం పక్కింటికి ఇచ్చేశాను. చాయ్ చప్పగానే తాగడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం అన్నీ తిన్నాక అర చెంచా ఇప్పపాకం. అంతే. చిత్రం ఏమిటంటే, రోజంతా తియ్యటి చాయ్ తాగిన రోజుల్లో నాకు తీపి గుర్తే లేదు. ఇప్పుడు ఆ అర చెంచా నాలుక మీద పడితే చేను గట్టు, తెల్లవారు చలి, పువ్వు పడిన చప్పుడు, అన్నీ వచ్చి నోట్లో కూర్చునేవి. అంకె దిగుతూ వచ్చింది. రెండు వందల ముప్ఫై అయింది, రెండు వందల పది అయింది. ఒకరోజు నూట తొంభై కనిపిస్తే చాయ్ కలుపుకుంటున్న మా ఇంటాయనను పిలిచి చూపించాను. ఆయన తన చాయ్‌లో చెంచా తిప్పడం ఆపేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ నా ముందు చప్పుడు చేయలేదు.

ఆపరేషన్ రోజు ఖాయమైంది. వియ్యపురాలు వేములవాడ రాజన్నకు కోడె కడతానని నా కళ్ళ కోసం మొక్కుకుందట. "మొక్కు తీర్చకుండ కత్తి కింద పండుతవా?" అని పట్టుబట్టింది. ముందురోజు ఇద్దరం వేములవాడ వెళ్ళాము. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి కట్టేసి, సత్రంలో పడుకున్నాము. పొద్దున చాయ్ చప్పగా తాగి, ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె సగం తిన్నాను. అక్కడినుంచే కరీంనగర్ బస్సుకు బయలుదేరాము.

గుడి ముందు ఒక కుటుంబం తమ పిల్లవాణ్ణి తక్కెడలో కూర్చోబెట్టి బెల్లంతో తూచారు. ఆ బెల్లం అందరికీ పంచుతున్నారు. మొక్కు బెల్లాన్ని మా దిక్కు బెల్లం అనరు, బంగారం అంటారు. ఒకామె నా ముందుకు ముద్ద చాచింది.

"నాకు షుగర్ ఉన్నది బిడ్డా," అన్నాను.

"బంగారం వద్దంటరా పెద్దమ్మా? తినకున్నా మంచిదే, చేతిల వట్టు."

పట్టుకున్నాను. ఎండకు మెత్తబడి ఉంది. కళ్ళకు అద్దుకున్నాను. ముందు కుడికంటికి, తర్వాత ఎడమకంటికి. కొంగు చివర ముడివేసుకున్నాను. బస్సులో కూర్చున్నాక నా చేయి ఊరికే ఆ ముడి మీదికే పోయేది.

"ఒక్క పలుకు నోట్లేసుకో వదినె. దేవుని దాంట్ల షుగర్ ఉండది," అంది వియ్యపురాలు.

"నువ్వు అడివిదాంట్ల కూడా ఉండదన్నవ్."

ఆమె కిటికీ దిక్కు తిరిగి కూర్చుంది. నేను ఒక్క పలుకు కూడా తినలేదు. నోట్లో నీళ్ళూరుతున్నా తినలేదు. లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆసుపత్రిలో వరుసగా అందరికీ షుగర్ చూస్తున్నారు. సిస్టర్ నా కుడిచేతి వేలును దూదితో ఒకసారి తుడిచి పొడిచింది. మిషన్ కూత పెట్టింది. ఆమె నా మొహంలోకి చూసింది.

"మూడు వందల తొంభై. ఏం తిన్నవ్ పెద్దమ్మా?"

"సగం జొన్నరొట్టె బిడ్డా. చప్ప చాయ్."

"అందరు గిట్లనే చెప్తరు. అటు కూసో. సారుకు చెప్త. ఇయ్యాల మాత్రం కాదు."

గోడ పక్క బల్ల మీద కూర్చున్నాను. నా లోపల ఎక్కడో నాకు తెలియని చక్కెర గని ఉందేమో అనిపించింది. తినకపోయినా అదే తవ్వుకొని పైకి వస్తోందేమో. వియ్యపురాలు నా పక్కన కూర్చొని గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు వదినె. దొంగతనంగ తిన్నవా? నేనేం అనను."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నువ్వు చెప్పు. పొద్దుగాల సత్రంల చాయ్ నువ్వే తెచ్చినవ్. దాంట్ల నీ ఇప్పపాకం ఏమన్న కలిపినవా?"

ఆమె మొహం నాకు సరిగా కనిపించలేదు. మాట మాత్రం విరిగి వచ్చింది. "నీ కండ్ల మీద ఒట్టు. నీ కండ్ల కోసం కోడెను కట్టిన. నీ కండ్లల్లనే మన్ను పోస్తనా?"

ఎదురుగా గోడ మీద ఒక బోర్డు ఉంది. పెద్ద పెద్ద అక్షరాలే. చదువుదామని చూశాను. ఏ గుణింతానికి ఏ గుణింతం అంటుకుందో తెలియకుండా అంతా పొగ. ఇక ఇంతేనేమో అనుకున్నాను. యాభై ఏళ్ళకు నా దగ్గరికి వచ్చిన బస్సు మలుపు తిరిగిపోతోంది.

ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతి వేలి మీద ఏదో పాకింది. దులిపాను. మళ్ళీ పాకింది.

"చీమ వదినె," అంది వియ్యపురాలు కోపంగానే. దాన్ని తీసి పారేసింది. "ఇగో, ఇంకోటి. నీ కొంగుకు కూడా వట్టినయ్. నువ్వు గంత తీయగైనవా చీమలు పట్టనీకి?"

అని, ఆగిపోయింది. నా చేయి పట్టుకొని లాగింది. ఏం చేస్తోందో నాకు తెలిసేలోపు నా చూపుడువేలు తన నోట్లో పెట్టుకుంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు చూస్తున్నారు.

"గోడ్!" అని అరిచింది. "వదినె, నీ వేలు గోడ్ ఉన్నది! బంగారం!"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నేను తినని బెల్లం. కంటికి అద్దుకున్న బెల్లం. వేలి మీద నా కళ్ళకు కనబడనంత పూత. నా కళ్ళకు కనబడనిది చీమకు కనబడింది. చీమకంటే ముందే మిషన్‌కు కనబడింది. నా రక్తంలో లేని తీపిని నా చర్మం మీద చూసి అది అబద్ధం లేకుండా అంకె చెప్పింది.

ఇద్దరం సిస్టర్ దగ్గరికి పరిగెత్తాము.

"ఇంకోసారి చూడు బిడ్డా, చేతికి బెల్లం అంటింది," అన్నాను.

"లైన్ల ఎంతమంది ఉన్నరో చూడుండ్రి. ఒకసారి చూసినంక మళ్ళ చూడం."

"నమ్మకపోతె నువ్వే ఆమె వేలు చీకి చూడు," అంది వియ్యపురాలు. "నేను చూసిన. ఇంక ఇన్ని వేళ్ళు మిగిలినయ్."

వరుసలో ఉన్నవాళ్ళు పెద్దగా నవ్వారు. సిస్టర్‌కు కూడా నవ్వు ఆగలేదు. "పోండ్రి, సబ్బుతో మంచిగ కడుక్కొని, ఆరవెట్టుకొని రాండ్రి," అంది.

నల్లా దగ్గర వియ్యపురాలే నా చేతులు రుద్దింది. పసిపిల్లకు కడిగినట్టు ఒక్కొక్క వేలి సందులో, గోళ్ళ కింద కడిగింది. "కోపం చేసుకోకు వదినె," అన్నాను. "ఆపరేషన్ కానీ, నీ సంగతి తర్వాత చూస్త," అంది.

సిస్టర్ ఈసారి ఎడమచేతి వేలు పొడిచింది. ముగ్గురం మిషన్ మీదికి వంగాము. నూట అరవై రెండు.

సిస్టర్ నా వైపు చూసి, నా చేయి మెల్లగా నొక్కింది. "లోపలికి రా పెద్దమ్మా," అని, వెనక నిలబడ్డ ఆయనతో, "నువ్వు ముందు చేతులు కడుక్కొని రా తాతా," అంది.

మరునాడు కుడికంటి కట్టు విప్పారు. ముందు తెలుపు కనిపించింది. అంత తెలుపు ఉంటుందని నేను మరిచిపోయాను. సిస్టర్ చీర, గోడ, దుప్పటి, అన్నీ కొత్తగా ఉతికి ఆరేసినట్టు ఉన్నాయి. వియ్యపురాలు నా మొహంలో మొహం పెట్టి చూస్తోంది.

"కనవడుతున్ననా?"

"వదినె, నీకు గిన్ని ముడతలు ఎప్పుడొచ్చినయ్?"

"పాయె. మంచిగనే కనవడుతున్నది," అంది కళ్ళు తుడుచుకుంటూ.

బయటికి వచ్చేటప్పుడు నిన్నటి బల్ల దగ్గర ఆగి, గోడ మీది బోర్డు చదివాను. 'చెప్పులు ఇక్కడ విడువగలరు.' ఒక్కొక్క అక్షరం దాని చోట అది నిలబడి ఉంది. రెండుసార్లు చదివాను. పైకే చదివాను. ఒకాయన నేను తనతో చెబుతున్నాననుకొని చెప్పులు విడిచాడు.

ఇంటికి వచ్చాక కొంగు ముడి విప్పి, బెల్లం అందరికీ తలా ఒక పలుకు పెట్టాను. నా పలుకు మధ్యాహ్నం దాకా ఆగింది. పప్పు తిన్నాక, రొట్టె చివరి ముక్క మీద పెట్టుకొని తిన్నాను. ఆ రోజు ఇప్పపాకం వేసుకోలేదు. కిటికీలో మిగిలిన ఒక్క సీసా మీద ఎండ పడుతోంది. ఇన్నాళ్ళూ నాకు అది రంగు తెలియని వెలుగు మాత్రమే. ఇప్పుడు చూస్తే లోపల ఎరుపు, అంచుల్లో పసుపు. చెయ్యి వెనక పెడితే నా వేళ్ళు దానిలోంచి కనిపించాయి.

ఈ ఫాల్గుణంలో మళ్ళీ వియ్యపురాలి ఊరికి వెళ్ళాను. తెల్లవారకముందే నేనే ఆమెను లేపాను. గంప పక్కన పెట్టి, పువ్వులు ఏరకుండా చెట్టు కింద నిలబడి తలెత్తి చూశాను. కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలున్నాయి. ఆకాశం తెల్లబడుతోంది. ఏ పువ్వు ఎప్పుడు వస్తుందో తెలియదు. మెడ నొప్పి పుట్టింది.

"ఏరుతవా, చూసుకుంట నిలవడుతవా?" అంది వియ్యపురాలు.

"జర ఆగు వదినె."

అప్పుడు ఒక గుత్తిలో ఒక పువ్వు సడలింది. కొమ్మను విడిచి, చిన్నగా మెరుస్తూ, తిన్నగా కిందికి వచ్చింది. అది నేలను తాకేదాకా చూశాను. చప్పుడు ఆ తర్వాత వినిపించింది.